మొగ దగ్గర ఒక రాత్రి

వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం. చాలామంది అక్కడ గంటసేపు నిలబడి, ఫొటో దిగి వెళ్లిపోతారు. శ్రీకూర్మం, శాలిహుండం చూసుకుంటూ వెళ్లి, ఆ ఇసుకలో గుడారం వేసుకుని ఒక రాత్రి ఉండి వచ్చాం.

“అక్కడొద్దు బాబూ. అది సముద్రం జాగా.”

గుడారం మూడో తాడు బిగిస్తుండగా వెనక నుంచి వినిపించిందా మాట. తిరిగి చూస్తే, భుజాన వల మోపుతో ఓ పెద్దాయన. వేలితో ఇసుక మీద ఒక గీత చూపించాడు. ఎండిన నాచు, సరుగుడు పుల్లలు, ఆల్చిప్పల ముక్కలు, తెగిన చెప్పు ఒకటి. అన్నీ ఒకే వరసలో పడి, కనుచూపు మేర మొగ వైపు సాగిపోయాయి. నిన్న రాత్రి పోటు అక్కడిదాకా వచ్చి వెనక్కి మళ్లిందన్నమాట. మా గుడారం ఆ గీతకు సముద్రం వైపే ఉంది.

“పున్నమి ఎల్లుండి. ఈ రాత్రికి గీత ఇంకా పైకొస్తాది. అలా సరుగుళ్ల కాడికి జరిగిపోండి,” అన్నాడు.

విప్పి, మోసుకుని, నలభై అడుగులు పైకి జరిగాం. శ్రీకాకుళంలో ఉండే మా బావ కారు డిక్కీలోంచి నాలుగు ఖాళీ బియ్యం సంచులు తీశాడు. గుడారంతో పాటు ఇచ్చే మేకులు ఇసుకలో పనికిరావు. ఎంత లోతుకు కొట్టినా గాలి రెండుసార్లు ఊపితే పైకి వచ్చేస్తాయి. అందుకే సంచి సగానికి ఇసుక నింపి, మూతి దగ్గర తాడు కట్టి, మోకాలి లోతు గోతిలో పాతి, పైన ఇసుక కప్పి తొక్కాలి. పెద్దాయన వల దించి, నాలుగో సంచి తనే అందుకున్నాడు. తాడును మూతి చుట్టూ రెండుసార్లు తిప్పి, కొసను కింది చుట్టులోంచి దూర్చి, సంచిని కాలితో అదిమిపెట్టి లాగాడు. “ఎంత లాగితే అంత బిగుస్తాది,” అన్నాడు. మా అమ్మాయికి పదేళ్లు. ఆ ముడిని మూడుసార్లు విప్పించి, మూడుసార్లు కట్టించుకుని చూసింది.

మాఘమాసం అది. అరసవల్లిలో రథసప్తమి సందడి తగ్గి వారం కాలేదు. ఉత్తరాంధ్ర తీరంలో ఆరుబయట పడుకోవాలంటే ఇంతకంటే మంచి రోజులు ఉండవు. పగలు ఎండ మాడ్చదు, రాత్రి దుప్పటి చాలు, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మాత్రం ఇక్కడ గుడారం మాట తలపెట్టకూడదు. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో ఈ జిల్లా మీదే తీరం దాటింది. గులాబ్ తుపాను 2021 సెప్టెంబరు 26న ఈ కళింగపట్నం పక్కనే దాటింది.

పొద్దున శ్రీకాకుళంలో బయల్దేరినప్పుడు మాకు తొందరేమీ లేదు. రోజుకు మూడే చోట్లు అనుకున్నాం. మూడూ గార మండలంలోనే ఉన్నాయి. దారి పొడవునా మినుము, పెసర చేలు కోతకొచ్చి ఉన్నాయి. కొబ్బరి తోటల మధ్య, చెరువు గట్ల మీదుగా పోయే రోడ్డు అది.

మొదట శ్రీకూర్మం. విష్ణువును కూర్మావతారంలో మూలవిరాట్టుగా కొలిచే గుడి ఇది. ఇలాంటిది మరోచోట చూడటం అరుదు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. అందుకే తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. గర్భగుడిలోకి వెళ్లి చూస్తే మలిచిన విగ్రహంలా ఉండదు. తాబేలు ముడుచుకుని కూర్చున్నట్టుండే రాతి రూపం. గుడి నిండా శాసనాలే. తూర్పు గాంగుల కాలంలో కళింగంలో పాలనాధికారిగా ఉన్న మధ్వ సన్యాసి నరహరితీర్థులు ఇక్కడ యోగానంద నరసింహుడికి గుడి కట్టించిన సంగతి 1281 నాటి శాసనంలో ఉంది. ప్రదక్షిణ మండపం గోడల మీద రంగుల బొమ్మలున్నాయి. వెలిసిపోయినవి కొన్ని, గీకి పాడుచేసినవి కొన్ని. ఆ గీతల దగ్గర మనసు చివుక్కుమంది. తమ పేరు రాసుకోవడానికి వందల ఏళ్ల నాటి బొమ్మ తప్ప వేరే చోటు దొరకలేదా వాళ్లకి!

మా అమ్మాయి మాత్రం ప్రాకారం పక్కన ఆగిపోయింది. అక్కడ నక్షత్ర తాబేళ్లు ఉంటాయి. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు ఒక చుక్క నుంచి నలువైపులా విచ్చుకుని, ముగ్గు పెట్టినట్టుంటాయి. ఒకటి తోటకూర కాడను నోట పట్టి మెల్లగా తెంపుతోంది. మెడ సాగదీయడం, కాడ తెగడం, నమలడం, మళ్లీ మెడ సాగదీయడం. ఒక్క ఆకు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డాం. మెట్ట నేలల జీవి ఇది, సముద్రం ఎరగదు. చట్టం కాపాడే జంతువు కాబట్టి ఇళ్లలో పెంచడం నేరం. గుడిలో వీటి బాగోగులు అక్కడి వాళ్లు చూసుకుంటారు. “రాత్రి బీచిలో వీటి చుట్టాలు కనిపిస్తే కనిపించొచ్చు,” అన్నాడు బావ. అమ్మాయి ఆ మాట రోజంతా మోసుకు తిరిగింది.

శాలిహుండం దగ్గర మేం అనుకున్నదానికంటే చాలాసేపు ఉండిపోయాం.

వంశధార దక్షిణపు ఒడ్డున పెద్ద ఎత్తేమీ లేని కొండ అది. పైకి పోయే దారికి అటూ ఇటూ ఇటుక కట్టడాల పునాదులు. గుండ్రంగా ఉన్నవి స్తూపాలు. ఒక కొస గుర్రపు డెక్కలా వంపు తిరిగినవి చైత్యగృహాలు. చతురస్రంగా, చిన్న చిన్న గదులుగా ఉన్నవి భిక్షువుల విహారాలు. పైన పెద్ద స్తూపం. దాని పునాది బండి చక్రంలా కట్టారు. నడుమ ఇరుసు, చుట్టూ ఆకులు. మట్టి కుంగినా గోపురం నిలవాలని ఆ ఆకుల మధ్య ఖాళీలను మట్టితో నింపి కట్టే పద్ధతి అది. ధర్మచక్రమూ అదే, ఇంజనీరు లెక్కా అదే. నేను ఆ ఇటుకల మీద అరచేయి పెట్టాను. ఈనాటి ఇటుక కంటే పెద్దది, బాగా వెడల్పు. ఒకదాని అంచున ఎప్పుడో తడి మట్టి మీద పడ్డ వేళ్ల జాడ ఉంది. అచ్చులోంచి తీసేటప్పుడు పట్టుకున్న చేయి. నాలుగు వేళ్లు, స్పష్టంగా.

ఈ చోటును 1919లో లోకానికి చెప్పినవారు గిడుగు రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగుగానే మనకు తెలుసు. ఆయన పుట్టిన పర్వతాలపేట ఈ వంశధార ఒడ్డునే, శ్రీముఖలింగం పక్కన ఉంది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండగా ముఖలింగం గుడిలోని శాసనాలు చదవాలన్న పట్టుదలతో పాతలిపులు సొంతంగా నేర్చుకున్నారు. సవరల భాష నేర్చుకుని నిఘంటువు రాశారు. రాళ్ల మీద పాత మాటలు చదివిన మనిషి, జనం నోట ఉన్న మాట పుస్తకానికి ఎక్కాలని వాదించడం నాకు ఎప్పుడూ ఒకే పనిగా అనిపిస్తుంది. భాష కాలంతో పాటు మారుతుందని ఆయనకు చెప్పింది ఆ శాసనాలే. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజు సభల్లో దండలు వేస్తాం. ఆ సభలకు వెళ్లే పిల్లల్లో కొందరినైనా ఈ కొండ ఎక్కిస్తే బాగుండును.

కొండ మీద గాలి బాగా వీస్తోంది. కింద వంశధార. ఒడిశా కొండల్లో పుట్టి సుమారు 254 కిలోమీటర్లు నడిచి వచ్చిన నది, ఇక్కడికి వచ్చేసరికి అడుగు తీసి అడుగు వేస్తున్నట్టు పారుతోంది. మాఘంలో నీళ్లు పలచన. ఇసుక తిన్నెల మధ్య రెండు మూడు పాయలు. ఓ పాయలో గేదెలు నడుముల్లోతు మునిగి ఉన్నాయి. పాతకాలపు భిక్షువులు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. రేవుకు దగ్గర, కానీ రేవు గోల చెవిన పడనంత దూరం. వర్షాకాలం మూడు నెలలు కదలకుండా ఉండటానికి గట్టి నేల. ఓడ దిగిన వర్తకుడు దానం ఇవ్వాలనుకుంటే ఒక పూట నడక. విశాఖ పక్కన తొట్లకొండ, బావికొండ, భీమిలి దగ్గర పావురాలకొండ, అన్నీ ఇదే పద్ధతి. సముద్రం కనిపించే కొండలు, పక్కన ఓడలు ఆగే తీరం.

క్రీస్తుకు పూర్వం నుంచి మొదలై, హీనయానం, మహాయానం, వజ్రయానం మూడూ ఈ కొండ మీద ఒకదాని తర్వాత ఒకటి బతికాయి. చివరి దశ నాటి తార, మారీచి విగ్రహాలు ఇక్కడ దొరికాయి. మారీచి వెలుగు కిరణాల దేవత. రథానికి గుర్రాల బదులు వరాహాలు ఉంటాయి. కాస్త దూరంలోనే అరసవల్లి, ఏడు గుర్రాల సూర్యుడు. మార్చిలో, అక్టోబరులో ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకే గుడి. పొద్దు సముద్రంలోంచి పైకి వచ్చే నేల కదా, ఎవరు వచ్చినా ఏ మతం వచ్చినా వెలుగుకు మొక్కింది. రెండు చోట్లా దేవత పేరు వేరు, రథం ఒకటే.

దిగేసరికి రెండు దాటింది. చెట్టు కింద పెరుగన్నం, ఆవకాయ. మా ఆవిడ కట్టి తెచ్చిన చోడి అంబలి సీసాలో ఇంకా చల్లగా ఉంది. ఇటువైపు రాగులను చోళ్లు అంటారు. ఎండలో తిరిగే రోజున ఉప్పు, మజ్జిగ కలిపిన అంబలి ముందు ఏ కూల్‌డ్రింకూ నిలవదు.

కళింగపట్నం ఒకప్పుడు రేవు. ఆ పేరులోనే ఓ రాజ్యం ఉంది. ఇక్కడి నుంచి, ఇలాంటి మరికొన్ని రేవుల నుంచి తూర్పు దీవులకు వెళ్లిన మనుషుల వల్లే మలయా వైపు భారతీయులకు ‘కెలింగ్’ అనే పేరు పడింది. ఇంగ్లీషు వాళ్ల కాలంలోనూ ఓడలు ఆగేవి. తీరం దగ్గర లోతు చాలక, ఓడ దూరాన లంగరు వేస్తే చిన్న పడవల్లో సరుకు మోసేవారు. 1890ల్లో మద్రాసు, కలకత్తాల మధ్య రైలు దారి లోపలి ఊళ్ల మీదుగా వేశాక ఇటువంటి రేవులకు పని తగ్గింది. ఇప్పుడు మిగిలినవి లైట్‌హౌసు, పాత కట్టడాలు కొన్ని, ఊరి పేరు.

మేం చేరేసరికి నాలుగైంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబాలు, బైకుల మీద కుర్రాళ్లు, బజ్జీల బండి, వేరుశెనక్కాయలు. ఆరు కాగానే జనం పలచబడ్డారు. ఆరున్నరకు బజ్జీల బండి కూడా వెళ్లిపోయింది. అప్పుడు గానీ ఈ తీరం తన గొంతుతో మాట్లాడదు. పగలు వినిపించేది అలల హోరు ఒక్కటే అనుకుంటాం. చీకటి పడ్డాక అందులో మూడు నాలుగు చప్పుళ్లు విడివిడిగా తెలుస్తాయి. అల విరిగే ధ్వని ఒకటి, విరిగిన నీరు ఇసుక మీద పాకుతూ వచ్చే సరసర ఒకటి, వెనక్కి జారేటప్పుడు గవ్వలు దొర్లే గలగల ఒకటి. మొగ వైపు నుంచి వేరే చప్పుడు, నదీ సముద్రమూ ఒకదాన్నొకటి తోసుకునే మూలుగు.

గుడారం వేసుకునేవాళ్లకు రెండు మూడు మాటలు ఇక్కడే చెప్పాలి. ముందు మెరైన్ పోలీసు స్టేషన్‌లో చెప్పి రండి. ఎవరెవరు, ఎంతమంది, ఫోను నంబరు. రాత్రి ఒకసారి వాళ్లే వచ్చి చూసి వెళ్లారు. తాగే నీళ్లు మనిషికి నాలుగైదు లీటర్లు మోసుకు రావాల్సిందే. కాలకృత్యాలకు ఊళ్లో ఒకరింటిని ముందే అడిగిపెట్టుకున్నాం. ఆడవాళ్లకు ఇదే అన్నిటికంటే పెద్ద ఇబ్బంది. ఈ తీరానికి రంగుల లైట్లూ సిమెంటు బొమ్మలూ ఇంకా అక్కర్లేదు. శుభ్రమైన మరుగుదొడ్లు, ఒక మంచినీళ్ల కుళాయి, పగలు కాపలాకు ఈత వచ్చిన ఇద్దరు మనుషులు కావాలి. స్నానం మాట మరిచిపోండి. మొగ దగ్గర అడుగున లాగుడు ఎక్కువ, ఇసుక ఒక్కసారిగా లోతుకు జారుతుంది. పైకి చదునుగా కనిపించే నీరే ప్రమాదం. పిక్కల దాకా తడుపుకుని వెనక్కి వచ్చేయాలి.

ఊళ్లో కొన్న కానాగంతలతో మా బావ పులుసు పెట్టాడు. చిన్న గ్యాసు పొయ్యి, చుట్టూ గాలికి అడ్డంగా మూడు అట్టపెట్టెలు. చింతపండు పిండి, పచ్చిమిర్చి చీల్చి, ఉల్లిపాయ ముద్ద వేసి, పులుసు తెర్లాక చేప ముక్కలు జారవిడిచాడు. గరిటె పెట్టనివ్వలేదు. గిన్నె చెవులు పట్టుకుని మెల్లగా తిప్పడమే. చలిమంట వేద్దామని అమ్మాయి అడిగింది, వద్దన్నాం. దానికి కారణం ఉంది.

డిసెంబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఎగువన ఒడిశాలోని రుషికుల్య మొగ దగ్గర లక్షల్లో వస్తాయని అందరికీ తెలుసు. మన తీరానికి ఒక్కొక్కటిగా, చడీచప్పుడు లేకుండా వస్తాయి. ఆడ తాబేలు రాత్రి పోటు మీద ఒడ్డెక్కి, పోటు గీత దాటి, వెనక కాళ్లతో కుండలాంటి గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, కప్పి, వెళ్లిపోతుంది. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు బయటకొస్తాయి. ఇసుక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగవి. రాత్రి సముద్రం మీద ఉండే వెలుతురే ఆ పిల్లలకు దారి. ఒడ్డున మంటో, కారు లైటో, ఫ్లడ్ లైటో కనిపిస్తే అటే నడిచి, పొద్దున ఎండకు మాడిపోతాయి, కాకులకు దొరుకుతాయి. తల్లి కూడా వెలుతురు చూస్తే ఒడ్డెక్కకుండానే మళ్లిపోతుంది. శ్రీకాకుళం తీరంలో అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు మత్స్యకార యువకుల సాయంతో గుడ్లు సేకరించి, కంచె కట్టిన చోట పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతున్నాయి. అయినా ప్రతి ఏటా ఇదే రోజుల్లో చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ఊపిరికి పైకి రావాల్సిన జీవి, మర పడవ ఈడ్చే వలలో చిక్కితే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. వలలో అది తప్పించుకునే కిటికీ అమర్చే పరికరం ఉంది. అది ప్రతి మర పడవకూ ఉండాలి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

కాబట్టి మంట లేదు. టార్చికి ఎర్ర కాగితం చుట్టాం. వెన్నెల ఎలాగూ ఉంది.

పులుసన్నం తిన్నాక వెల్లకిలా పడుకున్నాం. నడినెత్తిన గొల్లకావడి, దానికి కాస్త పడమటగా పిల్లలకోడి. తూర్పున చంద్రుడు. పున్నమి నాటికి మఖ నక్షత్రం దగ్గరికి చేరతాడు కాబట్టే ఇది మాఘమాసం అయిందని చెప్తే, అమ్మాయి మిగతా నెలల లెక్క కూడా అడిగింది. చిత్త చైత్రం, విశాఖ వైశాఖం. పంచాంగంలో అచ్చు మాటలుగా చదివినవి పైన వేలాడుతూ కనిపించాయి దానికి. లైట్‌హౌసు కాంతి నిర్ణీత వ్యవధిలో మా మీదుగా తిరిగిపోతోంది. అమ్మాయి దాన్ని లెక్కపెడుతూనే నిద్రపోయింది.

రాత్రి భోజనాల వేళకే పోటు వచ్చింది. పెద్దాయన చెప్పినట్టే పాత గీతను దాటి, మేం మొదట గుడారం వేసిన గుంటలను నింపి, చెరిపి, వెళ్లింది. ఏ మూడింటికో మెలకువ వచ్చింది. గాలి దిక్కు మారింది. సాయంత్రం నుంచి సముద్రం మీంచి కొట్టిన గాలి ఆగి, నేల వైపు నుంచి చల్లగా, మామిడిపూత వాసనతో వస్తోంది. గుడారం తలుపు గుడ్డ అటు ఉబ్బేది ఇటు ఉబ్బింది. తెల్లవారుజామున పడవలను సముద్రంలోకి తోసేది ఈ గాలే. మంచుకు గుడారం లోపలి వైపు చెమ్మ పట్టి చుక్కలు రాలుతున్నాయి. దూరంగా మనుషుల మాటలు, ఒక దగ్గు, తెడ్డు పడవకు తగిలిన చప్పుడు.

అయిదున్నరకు బయటికి వచ్చాం. సరుగుడు తోపుకు ఉత్తరాన, ఇసుక మీద ఒక జాడ. ట్రాక్టరు చక్రం ఒక్కటే సముద్రంలోంచి నడిచొచ్చినట్టు, అటూ ఇటూ వాలు గీతలు, నడుమ బరువైన దేన్నో ఈడ్చిన నునుపు. అది పైకి వచ్చి, బాలబంద తీగలు పాకిన చోట గుండ్రంగా తిరిగి, ఇసుక రేగి, మళ్లీ ఇంకో జాడగా నీళ్లలోకి దిగిపోయింది. రెండు జాడలూ మేం నిద్రపోతున్న గుడారానికి వంద గజాల్లో ఉన్నాయి. అమ్మాయి నోట మాట లేదు. జాడ పక్కనే, దాన్ని తొక్కకుండా, మోకాళ్ల మీద కూర్చుంది.

పెద్దాయన వచ్చి చూశాడు. చేయి పెట్టలేదు. చేతులు జోడించాడు. “కూర్మనాథుడు బాబూ. మేం ముట్టం. ఆ కుర్రోలు ఒస్తారు, అట్టుకెల్తారు,” అన్నాడు. ఆరు కాకుండానే బకెట్టు, సన్నటి కర్రతో ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. కర్రతో మెల్లగా గుచ్చి, ఇసుక మెత్తగా దిగిన చోట చేత్తో తవ్వారు. పింగ్‌పాంగ్ బంతుల్లా తెల్లటి గుడ్లు, జిగురుతో మెరుస్తున్నాయి. ఒక్కొక్కటీ ఉన్న పక్క మారకుండా తీసి, ఆ గొయ్యి ఇసుకనే అడుగున పరిచి పేర్చారు. అమ్మాయి లెక్కపెట్టింది. నూట పద్నాలుగు.

పొద్దు పొడిచే వేళకు పెద్దవల లాగుడు మొదలైంది. పడవ తాడు కొసను ఒడ్డున వదిలి, వలను అర్ధచంద్రాకారంలో నీళ్లలోకి దింపుకుంటూ వెళ్లి, చాలా దూరాన రెండో తాడుతో ఒడ్డుకు వచ్చింది. ఇటు పన్నెండు మంది, అటు పన్నెండు మంది. తాడును నడుముకు తగిలించుకుని, మడమలు ఇసుకలో గుచ్చి, వెనక్కి నడుస్తూ లాగుతారు. వెనక చివరికి చేరినవాడు విడిపించుకుని మళ్లీ నీటి అంచుకు పరుగెత్తి పట్టుకుంటాడు. నేనూ బావా వెళ్లి చేయి వేశాం. మొదటి పావుగంటకే అరచేతులు మండాయి. తడిసిన తాడుకు ఇసుక అంటుకుని ఆకురాయిలా ఉంటుంది. మా పక్కన లాగుతున్నాయనకు అరవై దాటాయి. ఆయన అరచేయి తాకితే చెక్కలా ఉంది.

గంటన్నర పట్టింది. రెండు జట్లూ దగ్గరై, వల సంచి ఒడ్డెక్కింది. ఎక్కువగా నెత్తళ్లు, వెండి ముద్దలా. కానాగంతలు కొన్ని, సావిడాయిలు రెండు, చిన్న పీతలు, జెల్లీ చేపలు. వాటితో పాటు నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు ఏడో ఎనిమిదో. ముందు రోజు సాయంత్రం బజ్జీల బండి దగ్గర నిలబడ్డవాళ్ల చేతుల్లో చూసిన రంగులే. వల, పడవ గలవాళ్ల భాగం పోను మిగిలింది ఇరవై నలుగురికి పంచితే ఎంత వస్తుందో అక్కడే తెలిసిపోయింది. ఆడవాళ్లు అప్పటికే తట్టలతో వచ్చి బేరం మొదలుపెట్టారు. ఎండ ఎక్కేలోగా ఊళ్లు తిరిగి అమ్ముకోవాలి.

“మీ పిల్లలు లాగరా తాతా?” అని అడిగింది అమ్మాయి.

“ఇద్దరూ గుజరాత్‌లో ఉన్నారమ్మా. వేరావల్. పండక్కి ఒచ్చి ఎల్లారు.”

ఇక్కడి తీరంలో ఇంటింటా అదే జవాబు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద పడవలు కట్టుకునే చేపల రేవు ఏళ్ల తరబడి లేదు. సముద్రం ఇంటి ముందే ఉన్నా, వేటకు వెళ్లాలంటే దేశానికి అటు కొసకు పోయి ఇంకొకరి పడవలో కూలికి ఎక్కాలి. 2018 నవంబరులో అలా వెళ్లిన మన మత్స్యకారులు పాకిస్తాన్ జలాల్లోకి పోయారని పట్టుబడి, ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ తర్వాత దాని మీద సినిమా కూడా వచ్చింది. చూసి కన్నీళ్లు పెట్టుకున్న మనం, ఇక్కడికి వచ్చినప్పుడు ఈ తట్టల దగ్గర చేపలు కొంటే అంతో ఇంతో వాళ్లకే అందుతుంది. గుడారాలు అద్దెకిచ్చే పనీ, పడవ మీద నది చూపించే పనీ, వంట చేసి పెట్టే పనీ ఈ ఊరి కుర్రాళ్లకే దక్కాలి. బయటి నుంచి వచ్చి కంచె వేసే రిసార్టులకు కాదు. వేరావల్ బండి ఎక్కకుండా ఇద్దరు ముగ్గురైనా ఆగితే, ఈ తీరానికి మనం వచ్చినందుకు ఫలం ఉన్నట్టు.

రావాలనుకుంటే దారి తేలిక. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలు దిగి, శ్రీకాకుళం వచ్చి, అక్కడి నుంచి కళింగపట్నం బస్సు ఎక్కడమే. సొంత బండి ఉంటే మూడు చోట్లూ ఒక రోజులో నెమ్మదిగా సరిపోతాయి. ఇంకో రోజు చేతిలో ఉంటే వంశధార వెంట పైకి పోయి శ్రీముఖలింగం చూడండి.

తొమ్మిదికి సామాను కట్టడం మొదలుపెట్టాం. మా చెత్తతో పాటు చుట్టుపక్కల దొరికింది కూడా ఏరితే ఒక బియ్యం సంచి నిండింది. మిగతా మూడు సంచులు గోతుల్లోంచి తీసి, రెండింటి ఇసుక అక్కడే కుమ్మరించాం. పెద్దాయన కట్టిన ముడి మాత్రం రాలేదు. రాత్రంతా గాలి లాగి లాగి అది రాయిలా బిగిసింది. బావ పళ్లతో పట్టి చూశాడు. నేను కత్తి తీశాను.

“ఆగు నాన్నా,” అంది అమ్మాయి. తాడును లాగలేదు. కొసను చుట్టులోకి వెనక్కి నెట్టింది. ముడి వదులై, రెండు చుట్లూ వాటంతట అవే జారి ఇసుకలో పడ్డాయి.